పాత కారుకు ముందు బ్రేకులు, ఆ తరవాతే రంగు

2023 అక్టోబరు చివర్లో ముంబై వీధుల్లో ప్రీమియర్ పద్మిని టాక్సీల కాలం ముగిసింది. నలుపు, పసుపు రంగుల ఆ బండ్లలో ఆఖరిది తాడ్‌దేవ్ ఆర్టీవో కార్యాలయంలో 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. ఆ నగరంలో టాక్సీకి 20 ఏళ్లే ఆయుష్షు. గడువు తీరగానే అదీ రోడ్డు దిగిపోయింది. పత్రికలు వీడ్కోలు వ్యాసాలు రాశాయి, జనం పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆ టాక్సీలతో పాటు వెళ్లిపోతున్న మరో సంగతి మాత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. స్పేర్ పార్టుల దుకాణాల్లో ఆ కారు బ్రేక్ సామానుకు ఉండే గిరాకీ అది.

టాక్సీ అంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరిగే బండి. దాని బ్రేక్ షూలు త్వరగా అరుగుతాయి, వీల్ సిలిండర్లు కారతాయి, హోస్ పైపులు పగులుతాయి. ఆ అరుగుదలే ఒక మార్కెట్టు. వేల టాక్సీలు తిరిగినన్నాళ్లూ ఎక్కడో ఒక చిన్న కార్ఖానా ఆ రబ్బరు వాషరు చేస్తూనే ఉంది, ఆ స్ప్రింగు చుడుతూనే ఉంది. తాతగారి కారును షెడ్డులో కాపాడుకుంటూ పండగకో పబ్బానికో బయటకు తీసే యజమానికి కూడా ఇన్నాళ్లూ సామాను దొరికింది ఆ టాక్సీల పుణ్యానే. అంబాసిడర్‌దీ ఇదే కథ. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ప్లాంటులో ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఆ పేరు 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో చేతికి వెళ్లింది. కోల్‌కతా పసుపు టాక్సీలకు 15 ఏళ్ల పరిమితి ఉంది కాబట్టి అవీ ఏటేటా తగ్గిపోతున్నాయి.

మరోపక్క పాత కార్ల మీద మోజు పెరుగుతోంది. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ వింటేజ్ కార్ల ప్రదర్శన అంటే పిల్లాపాపలతో జనం వస్తారు. అక్కడ అందరి చూపూ రంగు మీద, క్రోమ్ బంపర్ల మీద, తోలు సీట్ల మీద ఉంటుంది. ఆ బండి ఆగుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. టన్నుకు పైబడిన ఒక ఇనుప బండిని ఆపే భారమంతా వేలెడంత సిలిండర్లు, రూపాయి బిళ్లంత రబ్బరు కప్పులు, నాలుగు స్ప్రింగులు మోస్తాయి. ఇప్పుడు దొరకనివి సరిగ్గా అవే. వాటి సంగతిని యజమాని ఓపికకూ, దుకాణదారు దయకూ వదిలేయడం తప్పు. అచ్చమైన కొలతల డ్రాయింగు, చేసిన ముక్కకు పరీక్ష, చేసినవాడి పేరు. ఈ మూడూ ఉండేలా ఒక ఏర్పాటు కావాలి. అందుకు కావలసిన చేతులు, యంత్రాలు తెలుగు నేల మీదే ఉన్నాయి.

ముఖం ఒకటే, లోపల వేరు

పాత కారు సామాను కోసం తిరిగేవాళ్లకు దేశం మ్యాపు వేరుగా ఉంటుంది. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్‌తో మొదలవుతుంది. అక్కడ లేకపోతే చెన్నై జీపీ రోడ్డు, పుదుపేట. అక్కడా లేకపోతే బెంగళూరు జేసీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేట్, చివరికి కోల్‌కతా మల్లిక్ బజార్. ప్రతిచోటా సంభాషణ ఒకే తీరు.

"అన్నా, అంబాసిడర్ ముందు వీల్ సిలిండర్ కావాలి."

"ఏ మార్కు సార్? పాతది తెచ్చారా?"

పాత ముక్క చేతిలో లేకుండా వచ్చిన మనిషికి ఆ ప్రశ్నతోనే దారి మూసుకుపోతుంది. అంబాసిడర్ బయటికి అర్ధ శతాబ్దం పైగా ఒకేలా కనిపించింది. లోపల మాత్రం మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా, 1800 అంటూ మారుతూ వచ్చింది. మొదట నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. చివరి మోడళ్లలో ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. ఆ కారుకు మూలమైన ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ది లాక్‌హీడ్ బ్రేకు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్‌ది గిర్లింగ్. పద్మిని అంటే ఇటలీ ఫియట్ 1100 డి. దాని కొలతలన్నీ మెట్రిక్. రిజిస్ట్రేషన్ పుస్తకంలో కారు పేరు, సంవత్సరం ఉంటాయి గానీ, 40 ఏళ్లలో ఎందరు మేస్త్రీలు ఏ బండి సామాను తెచ్చి ఏ బండికి తగిలించారో ఉండదు. అందుకే అనుభవం ఉన్న మేస్త్రీ కారు పేరు విని సామాను తెమ్మనడు. ముందు చక్రం విప్పి, సిలిండర్ మీద పోతపోసిన అంకెలు చూసి, బోరు, అంటే లోపలి వ్యాసం కొలిచి, అప్పుడు చీటీ రాస్తాడు.

అన్నీ ఒకే స్థాయిలో కరువు కావు. బ్రేక్ షూల సంగతి సులువే. ఇనుప షూ బాగుంటే చాలు, పాత లైనింగు పీకి కొత్తది రివెట్లతోనో అతికించో వేసేవాళ్లు జిల్లా కేంద్రాల్లో కూడా ఉన్నారు. ఇక్కడ జాగ్రత్త ఒకటే. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పగానే నోటితోనో కంప్రెసర్ గాలితోనో ఆ నల్లటి దుమ్ము ఊదేయడం మన షెడ్లలో ఇప్పటికీ అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. తడి గుడ్డతో తుడవాలి, మాస్కు పెట్టుకోవాలి, కొత్త లైనింగు ఆస్బెస్టాస్ లేనిదే అడగాలి. ఇనుప పైపుల సంగతి మధ్యస్థం. గొట్టం కొత్తది దొరుకుతుంది, వంచి అంచు విప్పార్చే పరికరం ఉంటే చాలు. అసలు కష్టం వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు, అడ్జస్టర్లు, పైపు చివరి నట్ల దగ్గర మొదలవుతుంది.

అర మిల్లీమీటరు లోపు తేడా

ఆ నట్టు ఒక్కదాన్నే దగ్గరగా చూస్తే చాలు, సామాను దొరకడం వేరు, సరైన సామాను దొరకడం వేరు అని తెలుస్తుంది. ఇంగ్లండు వంశపు కార్లలో బ్రేక్ పైపు నట్టు సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 24 త్రెడ్లు. ఫియట్ వంశంలో అది 10 మిల్లీమీటర్లు, ఒక్కో త్రెడ్డుకు 1 మిల్లీమీటరు. 3/8 అంగుళం అంటే 9.525 మిల్లీమీటర్లు. అంటే రెండింటికీ తేడా అర మిల్లీమీటరు లోపే. త్రెడ్ల మధ్య దూరం ఒకదానిలో 1 మిల్లీమీటరు, మరొకదానిలో 1.058. రెండూ 4.75 మిల్లీమీటర్ల పైపు మీదికే ఎక్కుతాయి. పద్మిని సిలిండర్‌లోకి అంబాసిడర్ నట్టు వేళ్లతో తిప్పితే హాయిగా దిగుతుంది. స్పానర్ వేస్తే బిగిసినట్టే ఉంటుంది. పెడల్ మెల్లగా తొక్కితే కారదు కూడా. నిజానికి ఆ త్రెడ్లు ఒకదానినొకటి అంచుల మీద మాత్రమే పట్టుకుని ఉంటాయి.

ఆ పట్టు మీద పడే ఒత్తిడి ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. డ్రైవరు కాలితో 30 కిలోల బరువు వేశాడనుకుందాం. పెడల్ లీవరు దాన్ని ఐదు రెట్లు చేస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 150 కిలోలు పడతాయి. ఆ పిస్టన్ బోరు ముప్పావు అంగుళమైతే దాని వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు. అంటే పైపుల్లో చదరపు సెంటీమీటరుకు 52 కిలోల పైమాటే. కారు టైర్లో ఉండే గాలి ఒత్తిడికి ఇది పాతిక రెట్లు. పిల్లవాడు అడ్డం వచ్చినప్పుడు డ్రైవరు 30 కిలోలతో ఊరుకోడు, ఒళ్లంతా బిగించి తొక్కుతాడు. తప్పు త్రెడ్డు తెగేది అప్పుడే.

ఇదే లెక్క బోరు విషయంలోనూ హెచ్చరిస్తుంది. ముప్పావు అంగుళం మాస్టర్ సిలిండర్ దొరక్క, చూడ్డానికి అలాగే ఉంది కదా అని 7/8 అంగుళంది బిగించేవాళ్లున్నారు. వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అదే కాలి బలానికి పైపుల్లో ఒత్తిడి 52 నుంచి 39కి దిగిపోతుంది. పెడల్ గట్టిగా, 'మంచిగా' తగులుతుంది. బండి మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. ఇది యజమానికి నెలల తరబడి తెలియకపోవచ్చు. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది.

ఒకటి విఫలమైతే మరొకటి ఆదుకునే వెసులుబాటు కూడా ఈ కార్లకు లేదు. తొలినాళ్ల అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్‌లలో బ్రేకు ఒకే సర్క్యూట్. నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే నూనె. ఏ ఒక్క చక్రం దగ్గర రబ్బరు చిరిగినా నాలుగూ పోతాయి. అమెరికా 1968 నుంచి కొత్త కార్లకు రెండు వేర్వేరు సర్క్యూట్లు తప్పనిసరి చేసింది ఇందుకే. ఒకటి పోయినా రెండోది కొంతైనా ఆపుతుంది. ఆ అదృష్టం లేని కారులో ప్రతి వాషరూ ప్రాణంతో సమానం.

ప్యాకెట్టు కొత్తదే, రబ్బరు పాతది

పాత కార్ల లోకంలో 'ఓల్డ్ స్టాక్' అంటే బంగారం. 1970లలో చేసిన సామాను, కంపెనీ డబ్బాలో, మైనం కాగితం కూడా విప్పకుండా ఏ పల్లెటూరి దుకాణం అటక మీదో బయటపడితే యజమానులు పోటీపడి కొంటారు. ఇనుప ముక్కల విషయంలో ఆ మోజు న్యాయమే. పోత ఇనుప సిలిండరు, స్ప్రింగు, అడ్జస్టరు తుప్పు పట్టకుండా ఉంటే ఎన్నాళ్లైనా కొత్తవే. రబ్బరు అలా కాదు. అది వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. గట్టిపడుతుంది, అంచు పదును పోతుంది, వంచితే సన్నని పగుళ్లు కనిపిస్తాయి. 40 ఏళ్ల నాటి హోస్ పైపు బయటికి నిగనిగలాడుతూనే లోపల పొర ఊడి ఉండవచ్చు. అప్పుడు నూనె చక్రం వైపు వెళ్తుంది గానీ వెనక్కి రాదు. కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది, డ్రమ్ము కాలిపోతుంది. ఓల్డ్ స్టాక్‌లో ఇనుము తీసుకోవాలి, రబ్బరు పారేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

రబ్బరుకు, నూనెకు ఉన్న సంబంధం ఇంకా సున్నితం. ఇంగ్లండు పాత బ్రేకుల్లో సహజ రబ్బరు వాషర్లు వాడేవారు. ఇప్పటి కిట్లలో ఎక్కువగా ఉండేది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. బ్రేక్ ఆయిల్ అని అందరూ పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు, గ్లైకాల్ రసాయనం. పాత సిలిండర్ కడగడానికి పెట్రోలో కిరసనాయిలో వాడినా, చుక్క ఇంజన్ ఆయిల్ కలిసినా ఈ రెండు రకాల రబ్బరూ ఉబ్బిపోతుంది. ఉబ్బిన కప్పు బోరులో బిగిసిపోతుంది. సిలిండర్‌ను బ్రేక్ ఫ్లూయిడ్‌తోనో స్పిరిట్‌తోనో మాత్రమే కడగాలన్న సంగతి పెద్ద మేస్త్రీలకు తెలుసు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు రాసి పెట్టిన పుస్తకం ఏదీ లేదు.

ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది నిబంధన. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కిన డ్రమ్ము దగ్గర ఫ్లూయిడ్ మరిగిందంటే ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ కింద దాకా వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టిన కారుకు మరో కష్టం. తేమ సిలిండర్ అడుగున చేరి పోత ఇనుమును చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. బోరులో మామూలుగా పిస్టన్ కదిలే భాగం నున్నగానే ఉంటుంది, ఎప్పుడూ వెళ్లని చివర మాత్రం గరుకు తేలుతుంది. కారు బయటకు తీసి, పైపుల్లో చేరిన గాలి తీయడానికి పెడల్ కింద దాకా తొక్కగానే ఆ గరుకు మీదికి రబ్బరు వెళ్లి చిరుగుతుంది. నిన్నటి దాకా బాగున్న బ్రేకు ఇవాళ ఫెయిలైందని ఆశ్చర్యపోయే యజమానులకు జరిగింది సాధారణంగా ఇదే.

స్లీవు అనే మేలు

గుంటలు పడిన సిలిండర్ పారేయనక్కర్లేదు. బోరును లేతు మీద కొంచెం పెద్దది చేసి, లోపల ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో స్లీవు దించి, తిరిగి అసలు బోరు కొలతకు నున్నగా అరగదీయడం ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలలో దశాబ్దాలుగా సాగుతున్న పని. బయట పోతపోసిన కంపెనీ అంకెలు అలాగే ఉంటాయి. లోపల తుప్పు పట్టని గోడ వస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ బ్లాకులకు స్లీవులు వేసే టర్నర్లకు ఈ పని కొత్త కాదు. కొత్తదల్లా కచ్చితత్వం. స్లీవులో ఫ్లూయిడ్ రంధ్రం సరిగ్గా అదే చోట, అంతే వెడల్పున, అంచు గరుకు లేకుండా రావాలి. ఆ రంధ్రం అంచున ఒక సన్నని లోహపు పొర మిగిలినా రబ్బరు కప్పును బ్లేడులా కోస్తుంది. ఇది చేసేవాడి నైపుణ్యం మీద నమ్మకంతో వదిలేసే విషయం కాదు. పూర్తయిన సిలిండర్‌ను ఒత్తిడి పెట్టి పరీక్షించి చూడాలి. ఆ పరీక్ష చేసే చోటు మన టర్నర్లకు అందుబాటులో లేదు. అసలు లోటు ఇది.

లోటు ఉన్నచోట నకిలీ చేరుతుంది. ప్రసిద్ధ బ్రేకు కంపెనీల పేర్లు, రంగులు అచ్చుగుద్దిన ప్యాకెట్లలో నాసిరకం వాషర్లు దొరకడం అందరికీ తెలిసిన రహస్యం. చట్టం ఇక్కడ నిజాయితీపరుడి వైపే ఉంది, ఆ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మన దేశంలో పేటెంటు గడువు 20 ఏళ్లు. డిజైన్ రిజిస్ట్రేషన్ పొడిగింపుతో కలిపి 15 ఏళ్లు. 1960లలోని వీల్ సిలిండర్ ఆకారం మీద ఇవాళ ఎవరికీ ఆ హక్కు మిగల్లేదు. దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చేయకూడనిది ఒక్కటే, దాని మీద ఇంకొకడి పేరు వేయడం. ఆటోనగర్‌లో ఒక యూనిట్ తన సొంత పేరు, తన బ్యాచి నంబరు పోతపోసి పద్మిని సిలిండర్ చేస్తే అది గౌరవమైన వ్యాపారం. అదే ముక్క మీద వేరే కంపెనీ పేరు వేస్తే నేరం, పైగా అది విఫలమైతే ఎవర్ని అడగాలో కూడా తెలియని ఘోరం.

మిగతా దేశాలు చేసింది

పాత సామాను మళ్లీ చేయడం ఎక్కడా పిచ్చి అనిపించుకోలేదు. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1975లో మొదలైంది. పాత అచ్చులు దాచిపెట్టి 1988 నుంచి ఎంజీబీ కారు బాడీలు కొత్తగా కొట్టి అమ్ముతోంది. మెర్సిడెస్ బెంజ్ 1993లో జర్మనీలోని ఫెల్‌బాక్‌లో క్లాసిక్ సెంటర్ పెట్టింది. పోర్షె కంపెనీ 959 మోడల్‌కు క్లచ్ రిలీజ్ లీవర్‌ను లోహపు పొడితో త్రీడీ ప్రింటింగ్‌లో చేసింది. ఆ కార్లు చేసిందే 292. టొయోటా తన 1980ల ఏఈ86 కార్లకు వెనుక బ్రేక్ కాలిపర్లను 2021లో మళ్లీ తయారుచేసి అమ్మకానికి పెట్టింది. ఆ కార్లు కొన్న కుర్రాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. వాళ్ల బండి క్షేమంగా ఆగడం తన బాధ్యతేనని ఒక కంపెనీ అనుకుందన్నమాట.

మన దగ్గర ఇలాంటి మేలు అనుకోకుండా జరిగింది ఒక్క జీపు విషయంలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1947 నుంచి మహీంద్రా వాటి సంతతిని ఇక్కడ బిగిస్తూ వచ్చింది. లెక్కకు మించిన బండ్లు, దశాబ్దాల పాటు మారని డిజైన్, ప్రతి మండలంలో వాడకం. అందువల్ల జీపు బ్రేక్ సామాను ఇప్పటికీ ఏ మూలకు వెళ్లినా దొరుకుతుంది. అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్ ఉత్పత్తిదారుల్లో ఒకరైనా ఇవాళ కార్లు చేస్తూ వారసత్వ విభాగం నడిపే స్థితిలో లేరు. కంపెనీ చేయదు, టాక్సీల గిరాకీ లేదు. మిగిలింది ప్రభుత్వం, వృత్తి సంస్థలు, యజమానుల సంఘాలు.

డబ్బున్నవాళ్ల సరదాకు ప్రభుత్వం ఎందుకు పూనుకోవాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగానే ఉంది. కోట్లు పెట్టి రోల్స్‌రాయిస్ కొనేవాడు ఇంగ్లండు నుంచి సామాను తెప్పించుకుంటాడు. తండ్రి రిటైరైనప్పుడు కొన్న పద్మినిని అమ్మలేక ఉంచుకున్న గుమస్తా ఆ పని చేయలేడు. అతడే డూప్లికేట్ కిట్ కొనేది. పైగా రోడ్డు అతడొక్కడిదే కాదు. బ్రేకు పోయిన కారు తాకేది ఎదురుగా నడిచే మనిషిని. అంతేకాదు, పాత ట్రాక్టరుకు, పాత స్కూటరుకు సామాను చేసే చిన్న యూనిట్లు కూడా సరిగ్గా ఇదే అవసరంలో ఉన్నాయి. వింటేజ్ కారు సామాను కోసం పెట్టే పరీక్ష బల్ల వాళ్లకూ పనికొస్తుంది.

రూలులో ఖాళీ

2021 జులై 15న కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ బండి ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజన్ గానీ మార్చి ఉండకూడదని చెప్పింది. ప్రతి రాష్ట్రమూ ఒక నోడల్ అధికారిని, పరిశీలన కమిటీని పెట్టుకోవాలంది. మంచి రూలు. పాత బండిని తుక్కుగా కాకుండా ఆస్తిగా గుర్తించింది. అయితే ఆ నిర్వచనం ఇంజన్, బాడీల అసలుదనాన్నే పట్టించుకుంది. బ్రేకు మార్పుల ఊసెత్తలేదు. అందువల్ల రెండు వైపులా తప్పు జరుగుతోంది. భద్రత కోసం రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేసుకుంటే నంబరు రాదేమోనని ఒక యజమాని భయపడతాడు. మరో యజమాని పగిలిన హోస్ పైపు కూడా 'ఒరిజినలే' అని వదిలేస్తాడు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచి ఉన్న నిజాం నాటి 1912 రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఎవరూ మార్చమని అడగరు. ఆ మోడల్‌కు ముందు చక్రాల బ్రేకులు వచ్చిందే 1924లో. అది చరిత్ర, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రోడ్డెక్కే కారు సంగతి వేరు. దానికి రెండు సర్క్యూట్ల మార్పును రూలు స్పష్టంగా అనుమతించాలి, విప్పిన పాత ముక్కను డబ్బాలో భద్రపరచమనాలి. వీఏ నంబరు ఇచ్చే ముందు, పదేళ్ల తరవాత దాన్ని పొడిగించే ముందు రోలర్ బ్రేక్ టెస్టర్ మీద నాలుగు చక్రాల బలం కొలిచిన చీటీ తప్పనిసరి చేయాలి. ఆ యంత్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో ఉంటుంది. కొత్తగా కొనాల్సింది లేదు.

ఇక తయారీ. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ముక్కను స్కాన్ చేసి కొలతలతో డ్రాయింగు గీయడం, అచ్చు చేయడం అక్కడ విద్యార్థులు నేర్చుకునే పనే. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు, యజమానుల సంఘాలు కలిసి అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్ బ్రేకుల్లో దొరకని ముక్కల జాబితా ఒకటి వేసి, బాగున్న నమూనాలు ఆ సంస్థకు అప్పగిస్తే, డ్రాయింగులు గీసి అందరికీ అందుబాటులో పెట్టవచ్చు. వాటితో ఆటోనగర్‌లో ఎవరైనా చేసుకోవచ్చు, తన పేరు వేసుకోవచ్చు. హోస్ పైపుకు ఐఎస్ 7079, బ్రేక్ ఫ్లూయిడ్‌కు ఐఎస్ 8654 అనే భారతీయ ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి. మళ్లీ చేసిన సిలిండర్లకూ, స్లీవు వేసినవాటికీ అంతే స్పష్టమైన ఒత్తిడి పరీక్ష ఒకటి రాసి, ఆ పరీక్ష బల్లను ఆటోనగర్‌లోనే పెట్టాలి. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉంది. తయారీ ఆపేసిన మోడళ్ల భద్రతా సామాను డ్రాయింగులు బయటపెట్టడం అందులో చేరాలి.

ఇది పాత తరం కార్లతో ఆగే పని కాదు. తొలి మారుతీ 800 తాళాలు యజమాని చేతికి అందింది 1983 డిసెంబరు 14న. 2033 చివరి నుంచి ఆ బండ్లు కూడా వీఏ నంబరుకు అర్హత పొందుతాయి, అప్పటికి వాటి డ్రమ్ములు, వీల్ సిలిండర్లు ఇవాళ పద్మినివి ఉన్న స్థితికే చేరతాయి. మారుతీ 800 సామాను మాత్రం దుకాణాల్లో ఇంకా దొరుకుతోంది, దాని మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇంకా షెడ్లలో ఉన్నారు. జాబితాలో దాని పేరు కూడా ఇప్పుడే చేర్చి, ఒక్కో బ్రేకు ముక్కకు కొత్త నమూనా కొని కొలతలు తీయించి పెట్టడానికి రవాణా శాఖకు అయ్యే ఖర్చు చాలా కొద్ది.